వేవర్స్‌లో ఎవరిని తీసుకోవాలి: లీవ్ వేకెన్సీనా, పర్మనెంట్ పోస్టా?

మంగళవారం రాత్రి పదకొండు దాటింది. పిల్లలు పడుకున్నారు. కిచెన్ కౌంటర్ మీద లాప్‌టాప్, పక్కన చల్లారిపోయిన టీ. స్క్రీన్ మీద ముగ్గురు ఆటగాళ్ళ పేర్లున్నాయి. నా టీమ్ బెంచ్ మీద, అంటే ఆ వారం ఆడించకుండా పక్కన ఉంచుకునేవాళ్ళ దగ్గర, మాత్రం ఒక్క చోటూ లేదు. ఒకర్ని వదిలేస్తేనే ఇంకొకరు వస్తారు. తెల్లవారుజామున వేవర్స్ (లీగ్‌లో ఏ టీమ్‌లోనూ లేని ఆటగాళ్ళ పంపకం) నడుస్తాయి, ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా లాభం లేదు. అమెరికాలో ఆఫీసు ఫాంటసీ లీగ్‌లో ఇరుక్కున్న తెలుగువాళ్ళకు అక్టోబర్, నవంబర్ మంగళవారాలు ఇలాగే గడుస్తాయి. ఫాంటసీ లీగ్ అంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఆడే నిజమైన ఆటగాళ్ళతో మనం కట్టుకునే ఉత్తుత్తి టీమ్‌ల పోటీ. వాళ్ళు నిజం మ్యాచ్‌లో ఆడినదాన్ని బట్టే మనకు పాయింట్లు.

నేను డాలస్ వచ్చిన కొత్తలో ఆఫీసులో పదకొండు మందే తేలారు, పన్నెండో టీమ్‌కి మనిషి కావాలని నన్ను లాగారు. అప్పటికి నాకు ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదే. మొదటి ఏడాది ఆఖరి స్థానం. ఇప్పుడు అదే లీగ్‌లో మా బావమరిది కూడా చేరాడు, కాబట్టి ఓడితే ఆఫీసులోనే కాదు, ఇంట్లో కూడా వినాలి.

సెప్టెంబర్‌లో ఆటగాళ్ళని వంతులేసి పంచుకునే డ్రాఫ్ట్ గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. అసలు ఆట ఏడెనిమిది వారాలు గడిచాక మొదలవుతుంది. గాయాలతో సగం టీమ్ మూలుగుతుంటుంది. అయిదో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం దాకా ఏదో ఒక జట్టుకి బై వీక్ ఉంటుంది, అంటే ఆ ఆదివారం ఆ జట్టు ఆడదు. సరిగ్గా అప్పుడే బెంచ్ మీద ఎవరుండాలి, వేవర్స్‌లో ఎవరికి ఎంత పెట్టాలి అన్న ప్రశ్న వస్తుంది. నేను చెప్పే లెక్కలన్నీ మా లీగ్ పద్ధతివే: పన్నెండు టీమ్‌లు, పట్టిన ప్రతి క్యాచ్‌కి ఒక పాయింట్, బంతితో ముందుకెళ్ళిన పది యార్డ్‌లకి ఒకటి, టచ్‌డౌన్‌కి (బంతిని ఎదుటివాళ్ళ చివరి గీత దాటిస్తే) ఆరు, బెంచ్ మీద ఆరుగురు, సీజన్ మొత్తానికి వేవర్స్ ఖర్చుకి 100 డాలర్ల ఉత్తుత్తి డబ్బు.

ముందు ఖాళీ సంగతి చూడండి

మా నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరు. ఇంట్లో అస్తమానం వినపడే మాట ‘లీవ్ వేకెన్సీ’. ఒక మేడమ్ మెటర్నిటీ లీవ్‌లో వెళ్తే ఆ పోస్టులోకి ఒకాయన వస్తాడు. ఎంత బాగా పాఠం చెప్పినా, పిల్లలు ఎంత ఇష్టపడినా, ఆవిడ తిరిగి రాగానే సంచి సర్దుకోవాల్సిందే. రిటైరైనవాళ్ళ పోస్టులో వచ్చినవాడి దారి వేరు, అతను ఇల్లు అద్దెకు తీసుకుని సామాను దింపుకోవచ్చు.

వేవర్స్‌లో నేను చూసేది ఇదొక్కటే. పోయిన వారం ఎన్ని పాయింట్లు చేశాడన్నది తర్వాత. ఆ అవకాశం అతనికి ఎందుకొచ్చింది, ఎన్నాళ్ళుంటుంది అన్నది ముందు.

దీనికి 2024 సీజన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్‌ని మించిన పాఠం నాకు కనపడలేదు. ఫీజు కట్టి మరీ నేర్చుకున్నాను. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో నా మొదటి పిక్ వాళ్ళ రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) క్రిస్టియన్ మెకాఫ్రీ. మూడో వారంలో వాళ్ళ రిసీవర్ (విసిరిన బంతిని పట్టేవాడు) జువాన్ జెన్నింగ్స్ రామ్స్ జట్టు మీద 11 క్యాచ్‌లు, 175 యార్డ్‌లు, 3 టచ్‌డౌన్‌లు చేశాడు. మా లెక్కలో 46 పాయింట్లు పైనే. నేను అదే మంగళవారం 41 డాలర్లు పెట్టి కొనేశాను. ఆ రోజు ఇంకో రిసీవర్ డీబో సామ్యూల్ లేడు, టైట్ ఎండ్ (అడ్డుకోవడం, క్యాచ్‌లు పట్టడం రెండూ చేసేవాడు) జార్జ్ కిటిల్ లేడు, మెకాఫ్రీ గాయంతో ఎలాగూ లేడు. క్లాసులో ముగ్గురు టీచర్లు సెలవులో ఉన్న రోజన్నమాట. వాళ్ళు తిరిగి రాగానే జెన్నింగ్స్ మళ్ళీ మూల కుర్చీలోకి పోయాడు. తర్వాత తుంటి నొప్పితో రెండు మ్యాచ్‌లు ఆడలేదు, ఆ వెంటనే జట్టుకి బై. నాకు విసుగొచ్చి వదిలేశాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే, ఏడో వారంలో, వాళ్ళ పెద్ద రిసీవర్ బ్రాండన్ ఐయుక్ మోకాలి లిగమెంట్ తెగి సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. అంటే జెన్నింగ్స్‌కి అప్పుడు నిజమైన పోస్టు వచ్చింది. పదో వారంలో తిరిగొచ్చి 7 క్యాచ్‌లు, 93 యార్డ్‌లు. పదకొండో వారం 10 క్యాచ్‌లు, ఒక టచ్‌డౌన్. సీజన్ అయ్యేసరికి 975 యార్డ్‌లు. లీవ్ వేకెన్సీకి 41 పోసి కొన్న మనిషిని, పోస్టు పర్మనెంటయిన వారంలో నేనే చేతులారా వదిలేశాను. మా లీగ్‌లో ఒకాయన 6 డాలర్లకి ఎత్తుకుపోయాడు.

మూడు రకాల పికప్, మూడు రకాల ధర

శాశ్వతమైన ఖాళీ అంటే పైవాడు, ఆ స్థానంలో ముందు నుంచీ ఆడేవాడు, సీజన్‌కి దూరమవడం, లేదా ట్రేడ్‌లో వేరే ఊరికి పోవడం. గాయం వార్తలు అందరూ చూస్తారు, ట్రేడ్ వార్తల్ని మాత్రం అవతలి కోణంలో చూసేవాళ్ళు తక్కువ. 2024 అక్టోబర్ 15న క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ తమ రిసీవర్ అమారి కూపర్‌ని బఫలోకి పంపేసింది. మా వాట్సాప్ గ్రూప్‌లో అందరూ బఫలోలో కూపర్ ఎలా ఆడతాడో అని కొట్టుకున్నారు. క్లీవ్‌లాండ్‌లో అతను వదిలిన బంతులు ఎవరికి పోతాయని ఒక్కరూ అడగలేదు. జెర్రీ జూడీకి పోయాయి. ఆ వారమే క్వార్టర్‌బ్యాక్ (రిసీవర్లకి బంతి విసిరేవాడు) డెషాన్ వాట్సన్ కూడా గాయంతో పోయి, భయమన్నది తెలియకుండా బంతి విసిరే జేమిస్ విన్‌స్టన్ వచ్చాడు. పదమూడో వారం సోమవారం రాత్రి డెన్వర్‌లో, అంటే తనను వదిలించుకున్న పాత జట్టు మీదే, జూడీ 9 క్యాచ్‌లతో 235 యార్డ్‌లు చేశాడు. సీజన్ మొత్తంలో 90 క్యాచ్‌లు, 1,229 యార్డ్‌లు. ఇలాంటి ఖాళీ కనపడితే మిగిలిన డబ్బులో సగం పెట్టినా తప్పు లేదు. డిసెంబర్‌లో మిగిలిన డాలర్లని ఎవరూ వెనక్కి తీసుకోరు.

అయితే జూడీ కథకి ఇంకో కొస ఉంది. పదహారో వారంలో క్లీవ్‌లాండ్ విన్‌స్టన్‌ని పక్కనపెట్టి డోరియన్ థాంప్సన్ రాబిన్సన్‌ని దింపింది. రిసీవర్ పోస్టు పర్మనెంటే, కానీ హెడ్‌మాస్టర్ మారిపోయాడు. చాలా లీగ్‌ల్లో అది సెమీఫైనల్ వారం. రిసీవర్‌ని కొనేటప్పుడు బంతి విసిరేవాణ్ణి కూడా కొంటున్నామని మర్చిపోకూడదు.

ఇక లీవ్ వేకెన్సీ. 2024 రెండో వారంలో కాన్సస్ సిటీ రన్నింగ్ బ్యాక్ ఐసాయా పచేకోకి కాలి ఎముక విరిగింది. ఇంట్లో కూర్చున్న కరీం హంట్‌ని పాత జట్టే మళ్ళీ పిలిచింది. హంట్ ఆ సీజన్‌లో 728 యార్డ్‌లు, 7 టచ్‌డౌన్‌లు చేశాడు. ఎక్కువ భాగం పచేకో లేనప్పుడే. పచేకో థాంక్స్‌గివింగ్ మర్నాడు రైడర్స్ మీద తిరిగొచ్చాడు. హంట్‌ని కొన్నవాళ్ళు తప్పు చేశారా? లేదు. ఏడెనిమిది వారాల అద్దెకి మంచి ఇల్లు దొరికింది. తప్పు చేసింది ఎవరంటే, పచేకో ప్రాక్టీస్‌కి వస్తున్నాడని వార్తలు మొదలయ్యాక కూడా హంట్‌ని లీగ్‌లో ఇంకొకరికి ట్రేడ్ చెయ్యకుండా కూర్చున్నవాళ్ళు. అద్దె ఇల్లు ఖాళీ చేసే తేదీ తెలిసినప్పుడు రెండు వారాల ముందే అమ్మకానికి పెట్టాలి. నా లెక్కలో నాలుగు వారాలకు మించి ఉండే లీవ్ వేకెన్సీకి 10 నుంచి 15 డాలర్లు. ఒక్క ఆదివారం బై కోసమైతే 0 లేదా 1.

మూడోది, ఇంకా రాని ఖాళీ. పెద్ద రన్నింగ్ బ్యాక్ వెనకాల నిలబడ్డ రెండోవాడు. ఇక్కడివాళ్ళు హ్యాండ్‌కఫ్ అంటారు, నేను కర్చీఫ్ అంటాను. ఆర్టీసీ బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద వేసేది. సీటు దొరికితే మహారాజు, దొరక్కపోతే పోయింది ఒక కర్చీఫే. సియాటిల్‌లో కెన్నెత్ వాకర్ వెనకాల జాక్ షార్బొనే అలాంటివాడు. 2024 పద్నాలుగో వారంలో వాకర్ ఆడలేదు. షార్బొనే అరిజోనా మీద 134 యార్డ్‌లు, 2 టచ్‌డౌన్‌లు చేసి, పైగా 7 క్యాచ్‌లు పట్టాడు. ముందే బెంచ్ మీద ఉంచుకున్నవాడికి ఖర్చు 1 డాలర్. వాకర్ ఆడడని తెలిశాక పరిగెత్తినవాడికి అప్పటికే దొరకలేదు.

కర్చీఫ్ ఎవరి సీటు మీద వెయ్యాలి, నా రన్నింగ్ బ్యాక్ వెనకాలా, ఎదుటివాడి రన్నింగ్ బ్యాక్ వెనకాలా అని ప్రతి ఏడూ వాదన. నా సమాధానం మీ స్థితిని బట్టి మారుతుంది. మీరు 6–2 (ఆరు గెలుపులు, రెండు ఓటములు) మీద ఉంటే మీ సొంతవాడి రెండోవాణ్ణి పెట్టుకోండి, అది ఇన్సూరెన్స్. మీరు 3–5 మీద ఉంటే ఇన్సూరెన్స్ దేనికి, కాపాడుకోడానికి ఏముందని? ఎదుటివాడి రెండోవాణ్ణి తీసుకోండి. వాళ్ళ పెద్దోడికి దెబ్బ తగిలితే ఒకే దెబ్బకి మీరు పైకి, వాళ్ళు కిందికి. ఒకరికి గాయమవ్వాలని కోరుకోవడం పాపమే, అందుకని నేను కోరుకోను. పేరు మాత్రం బెంచ్ మీద ఉంటుంది.

ఒక షరతు. రెండోవాడు నిజంగా రెండోవాడేనా అని చూసుకోవాలి. కొన్ని జట్లలో పెద్దోడు పోతే ఆ పనిని ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. అలాంటి చోట కర్చీఫ్ వేస్తే మీకు సగం సీటే దొరుకుతుంది.

ఖాళీయే లేని చోట

2014 నవంబర్ 16. న్యూ ఇంగ్లండ్ రన్నింగ్ బ్యాక్ జోనస్ గ్రే ఇండియానాపొలిస్ మీద 201 యార్డ్‌లు, 4 టచ్‌డౌన్‌లు చేశాడు. అంతకు ముందు అతని పేరు ఎవరికీ పెద్దగా తెలియదు. ఆ మంగళవారం అమెరికా అంతటా జనం వేవర్ డబ్బంతా అతని మీద కుమ్మరించారు. శుక్రవారం అతను నిద్ర లేవలేక ప్రాక్టీస్‌కి ఆలస్యంగా వెళ్ళాడు, కోచ్ ఇంటికి పంపేశాడు. అదే వారం లెగారెట్ బ్లౌంట్ ఆ జట్టులోకి తిరిగొచ్చాడు. ఆదివారం డెట్రాయిట్ మీద బ్లౌంట్ రెండు టచ్‌డౌన్‌లు చేస్తే గ్రే కుర్చీలో కూర్చున్నాడు.

అందరూ దీన్ని అలారం కథగా చెప్పుకుని నవ్వుతారు. అలారం మోగినా పెద్దగా ఒరిగేది లేదని నా ఉద్దేశం. ఆ జట్టు ఏ వారం ఎదుటివాళ్ళని బట్టి ఆ వారం రన్నింగ్ బ్యాక్‌ని మార్చే జట్టు. అక్కడ ఖాళీ అంటూ ఏర్పడలేదు, ఒక రోజు పని పడిందంతే.

దీన్ని పసిగట్టడానికి మ్యాచ్ మొత్తం చూడక్కర్లేదు. బాక్స్ స్కోర్ పక్కనే రెండు అంకెలుంటాయి. ఒకటి స్నాప్స్, అంటే జట్టు ఆడిన బంతుల్లో ఎన్నింటికి అతను మైదానంలో ఉన్నాడు. రెండోది టార్గెట్స్, అంటే ఎన్నిసార్లు అతనివైపు బంతి విసిరారు. రిసీవర్ 2 క్యాచ్‌లు పట్టి 2 టచ్‌డౌన్‌లు చేస్తే పాయింట్లు బ్రహ్మాండంగా కనపడతాయి. అది అకాల వర్షం. 9 టార్గెట్స్ వచ్చి 4 పట్టి టచ్‌డౌన్ లేనివాడి పేరు మంగళవారం ఎవరూ ఎత్తరు. అది కాలువ నీళ్ళు, వచ్చే వారం కూడా వస్తాయి. ఇద్దరూ వేవర్స్‌లో ఉంటే నేను రెండోవాణ్ణే తీసుకుంటాను, అదీ చవగ్గా. మూడు వారాల టార్గెట్స్ వరసగా రాసుకోండి. 4, 6, 9 అని పెరుగుతూ ఉంటే అతనికి లోపల ఏదో ప్రమోషన్ జరుగుతోందని అర్థం.

డబ్బు లీగ్, క్యూ లీగ్

వేవర్స్ రెండు రకాలు. ఒకటి వేలం: సీజన్‌కి ఇంత అని ఉత్తుత్తి డబ్బు, ఎవరెక్కువ రాస్తే వాళ్ళకి. ఇంకొకటి క్యూ: వరసలో ముందున్నవాడికి ముందు, ఒకసారి వాడుకుంటే వరస చివరికి. కొన్నిచోట్ల వారం వారం ఓడిపోతున్నవాళ్ళనే క్యూలో ముందు నిలబెడతారు.

క్యూ లీగ్‌లో మొదటి స్థానం చేతిలో ఉంటే దాన్ని బై వీక్ కిక్కర్ కోసం తగలెయ్యొద్దు. అలాంటివాళ్ళని బుధవారం వేవర్స్ నడిచాక ఎవరూ ముట్టుకోని పేర్లలోంచి ఊరికే తీసుకోవచ్చు. మొదటి స్థానాన్ని నిజమైన పోస్టు పడేదాకా దాచుకోండి.

వేలం లీగ్‌లో ఒక చిన్న చిట్కా. అందరూ 10, 15, 20 అని గుండ్రటి అంకెలే రాస్తారు. మనకు నూటపదహార్లు చదివించడం చిన్నప్పటి నుంచి అలవాటే కదా. 15కి బదులు 16, 20కి బదులు 21 రాయండి. ఆ ఒక్క డాలర్‌తో గెలిచిన క్లెయిమ్‌లు నాకే మూడున్నాయి.

ఇంకోటి. ఒక్క పేరే రాసి పడుకోకండి. మొదటివాడు దొరక్కపోతే రెండోవాడు, వాడూ లేకపోతే మూడోవాడు అని వరసగా పెట్టి, ప్రతి క్లెయిమ్‌కీ వదిలేసే మనిషిని ఒకణ్ణే చూపించొచ్చు. మా బావమరిది ప్రతి వారం నాలుగు పేర్లు రాస్తాడు. ఎప్పుడూ ఏదో ఒకటి తగులుతుంది.

గాయపడ్డ పెద్దోడు: ఉంచాలా, వదలాలా

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. మళ్ళీ నా మెకాఫ్రీ దగ్గరికే వస్తాను. 2024లో దాదాపు ప్రతి డ్రాఫ్ట్‌లోనూ మొదటి పేరు అతనిదే. మడమ వెనక స్నాయువు నొప్పితో మొదటి మ్యాచ్ నుంచే లేడు. అతని చోట దిగిన జోర్డన్ మేసన్ మొదటి సోమవారమే జెట్స్ మీద 147 యార్డ్‌లు చేశాడు. మేసన్‌ని వేవర్స్‌లో పట్టినవాళ్ళు నెలన్నర రాజ్యమేలారు. నేను పట్టలేదు. “మెకాఫ్రీ వస్తాడుగా” అనుకున్నాను.

మెకాఫ్రీ పదో వారంలో వచ్చాడు. నాలుగు మ్యాచ్‌లు ఆడాడు. డిసెంబర్ 1 ఆదివారం రాత్రి, బఫలోలో మంచు కురుస్తోంది, యార్డ్ గీతలు కూడా కనపడట్లేదు. మొదటి సగంలో బాగా పరిగెడుతున్నాడు, సోఫాలో నేను లేచి నిలబడ్డాను. తర్వాతి పరుగులో మోకాలు పట్టుకున్నాడు. సీజన్ అయిపోయింది. అదే మ్యాచ్‌లో మేసన్‌కీ చీలమండ పోయింది. ఇక మిగిలింది ఐజాక్ గెరెండో అనే కొత్త కుర్రాడు. ఆ మంగళవారం నా దగ్గర 4 డాలర్లున్నాయి, బావమరిది దగ్గర 38. తర్వాతి ఆదివారం గెరెండో షికాగో మీద రెండు టచ్‌డౌన్‌లు చేశాడు. మా ఇంట్లో టీవీ ముందు ఆ రోజు ఎవరు కేకలు వేశారో వేరే చెప్పక్కర్లేదు.

ఇంతకీ మెకాఫ్రీని అంతకాలం ఉంచుకోవడం తప్పా? ఇప్పటికీ కాదనే అంటాను, ఎందుకంటే నాకు ఐఆర్ స్లాట్ (గాయపడ్డవాళ్ళ కోసం విడిగా ఉండే చోటు) ఉంది. అతను బెంచ్‌లో చోటు తినలేదు. నా తప్పు అతని చోట దిగిన మనిషిని పట్టుకోకపోవడం. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆటగాణ్ణి ఐఆర్‌లో పెడితే కనీసం నాలుగు మ్యాచ్‌లు కూర్చోవాలి. మీ లీగ్‌లో ఐఆర్ స్లాట్ ఉంటే అలాంటివాణ్ణి ఉంచుకోడానికి ఆలోచన కూడా అక్కర్లేదు, అది ఊరికే వచ్చే స్టోర్‌రూమ్.

ఐఆర్ స్లాట్ లేకపోతే లెక్క మారుతుంది. 6–2 మీద ఉన్నవాడు నాలుగు వారాలు ఒక చోటు ఖాళీగా ఉంచుకున్నా బతుకుతాడు, అతనికి కావాల్సింది పదిహేనో వారం నుంచి ఆడే మనిషి. 2023లో మయామీ కుర్రాడు డెవాన్ ఏచేన్ అలాంటివాడు. డెన్వర్ మీద జట్టు 70 పాయింట్లు కొట్టిన రోజు ఒక్కడే 203 యార్డ్‌లు పరిగెత్తి 4 టచ్‌డౌన్‌లు చేశాడు. రెండు వారాల తర్వాత మోకాలితో ఐఆర్‌కి పోయాడు. ఓపిక పట్టినవాళ్ళకు డిసెంబర్‌లో పనికొచ్చాడు. 3–5 మీద ఉన్నవాడికి ఆ ఓపిక పనికిరాదు. ఈ ఆదివారం ఓడితే డిసెంబరే లేదు. అతను చెయ్యాల్సింది వదిలెయ్యడం కూడా కాదు. 6–2 వాడికి ఫోన్ చేసి ట్రేడ్ అడగాలి: “నీ దగ్గర వారం వారం ఆడే ఇద్దరు మామూలు మనుషుల్ని ఇవ్వు, నా పెద్దోణ్ణి తీసుకో.” ఇద్దరికీ లాభమే. మీ లీగ్‌లో ట్రేడ్ గడువు ఎప్పుడో ఈ రోజే చూసుకోండి, చాలాచోట్ల నవంబర్‌లోనే ముగుస్తుంది.

గెలుస్తున్నవాళ్ళకు దీనికి తిరగేసిన సలహా. ఇద్దర్నిచ్చి ఒకణ్ణి తెచ్చుకోండి. ఆడే మనిషి మెరుగవుతాడు, బెంచ్ మీద ఒక చోటు ఖాళీ అవుతుంది, ఆ చోట ఇంకో కర్చీఫ్.

ఎవర్ని వదలాలి

రెండో కిక్కర్ ఉన్నవాళ్ళు ఇంకా ఉన్నారంటే నమ్మలేను, కానీ మా లీగ్‌లో ఇద్దరున్నారు. రెండో డిఫెన్స్ (ఒక జట్టు డిఫెన్స్ మొత్తాన్ని ఒకే మనిషిగా తీసుకుంటాం), రెండో టైట్ ఎండ్, రెండో క్వార్టర్‌బ్యాక్, ఈ వరసలో పంపించెయ్యండి. ఒక్క క్వార్టర్‌బ్యాక్‌నే ఆడించే లీగ్‌లో బై వీక్‌కి సరిపడా మనిషి వేవర్స్‌లో ఎప్పుడూ ఉంటాడు.

కష్టమైనది డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండ్‌లో తీసుకుని ఇప్పుడు వారానికి మూడు టార్గెట్స్ వచ్చే మనిషి. నాలుగో రౌండ్ పెట్టాను కదా అని గుండె ఒప్పుకోదు. సెప్టెంబర్‌లో పెట్టిన ఖరీదు సెప్టెంబర్‌లోనే ఖర్చయిపోయింది. నేనొక పని చేస్తాను. అతను ఈ రోజు వేవర్స్‌లో ఉంటే నేనెంత పెడతాను అని అడుక్కుంటాను. 3 డాలర్ల కన్నా తక్కువ అనిపిస్తే వదిలేస్తాను. జెన్నింగ్స్ విషయంలో ఈ ప్రశ్న అడుక్కోలేదు, ఐయుక్ వార్త చూసి కూడా.

డిఫెన్స్‌ని మాత్రం ఎదుటి జట్టుని చూసి వారం వారం మార్చుకోవచ్చు. బంతి పట్టుకుని తడబడే కొత్త క్వార్టర్‌బ్యాక్ ఎక్కడున్నాడో వెతికి, అతనితో ఆడే డిఫెన్స్‌ని ఒక వారం ముందే తీసుకోండి, అప్పుడు పోటీ ఉండదు. అతిగా విసిరే క్వార్టర్‌బ్యాక్ ఎదురైనా మంచిదే. జూడీ 235 యార్డ్‌లు చేసిన ఆ రాత్రి విన్‌స్టన్ 497 యార్డ్‌లు విసిరాడు, అదే మ్యాచ్‌లో డెన్వర్ డిఫెన్స్ అతని రెండు బంతుల్ని పట్టుకుని టచ్‌డౌన్‌లుగా తిప్పింది. జూడీ ఉన్నవాడూ, డెన్వర్ డిఫెన్స్ ఉన్నవాడూ ఒకే సోమవారం పండగ చేసుకున్నారు.

కిక్కర్ గురించి ఎక్కువ ఆలోచించొద్దు. మా ఊరి కౌబాయ్స్ కిక్కర్ బ్రాండన్ ఆబ్రీ మాత్రం వేరు, అతన్ని వదలకండి. ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా పనిచేసినవాడు, 2023లో మొదటి 35 ఫీల్డ్ గోల్స్ (బంతిని స్తంభాల మధ్యకి తన్నడం) వరసగా కొట్టాడు. మా ఆఫీసు లంచ్ రూమ్‌లో ఇప్పటికీ ఎవరి కోడ్ ఆగిపోయినా అతని పేరే వస్తుంది.

గురువారం దెబ్బ

2024 దీపావళి అక్టోబర్ 31, గురువారం. ఆ వారమే నేను ట్రేడ్‌లో జెట్స్ రిసీవర్ గారెట్ విల్సన్‌ని తెచ్చుకున్నాను, జెట్స్ మ్యాచ్ ఆ గురువారం రాత్రే. ట్రేడ్‌లో వచ్చినవాడు నేరుగా బెంచ్ మీద కూర్చుంటాడు, మనం కదిపేదాకా కదలడు. సాయంత్రం లక్ష్మీపూజ, తర్వాత పిల్లలతో డ్రైవ్‌వేలో కాకరపువ్వొత్తులు, మధ్యలో తలుపు తట్టే హాలోవీన్ పిల్లలకు చాక్లెట్లు. ఫోన్ చూసేసరికి విల్సన్ ఒంటి చేత్తో పట్టిన క్యాచ్ వీడియో గ్రూప్‌లో తిరుగుతోంది. 9 క్యాచ్‌లు, 90 యార్డ్‌లు, 2 టచ్‌డౌన్‌లు, 30 పాయింట్లు, అన్నీ బెంచ్ మీద. ఆ వారం 11 పాయింట్లతో ఓడాను.

ట్రేడ్ ఒప్పుకున్న నిమిషంలోనే మనిషిని లైనప్‌లో (ఆ వారం ఆడించేవాళ్ళ జాబితా) పెట్టెయ్యండి. ఇంకో మాట, గురువారం ఆడేవాణ్ణి ఫ్లెక్స్ స్థానంలో పెట్టకండి. రిసీవరైతే రిసీవర్ గడిలో, రన్నింగ్ బ్యాకయితే ఆ గడిలో పెట్టండి. ఫ్లెక్స్‌లో రన్నింగ్ బ్యాక్, రిసీవర్, టైట్ ఎండ్ ఎవరైనా పడతారు కాబట్టి దాన్ని ఆదివారం దాకా తెరిచి ఉంచాలి. ఆదివారం పొద్దున ఎవరైనా ఆడట్లేదని తెలిస్తే అప్పుడు ఎవర్నయినా దింపుకోవచ్చు. ఆడనివాళ్ళ జాబితా మ్యాచ్‌కి 90 నిమిషాల ముందు వస్తుంది, డాలస్‌లో మధ్యాహ్నం పన్నెండు మ్యాచ్‌కైతే పదిన్నరకి. హైదరాబాద్ నుంచి ఆడేవాళ్ళకు మొదటి మ్యాచ్‌లు ఆదివారం రాత్రి 10:30కి మొదలవుతాయి, నవంబర్ మొదట్లో ఇక్కడ గడియారం వెనక్కి తిప్పాక 11:30కి. ఆ మార్పు వారంలో అలారం సరిచూసుకోండి. థాంక్స్‌గివింగ్ రోజు డెట్రాయిట్, డాలస్, రాత్రికి ఇంకొకటి, మూడు మ్యాచ్‌లూ గురువారమే. ఆ వారం లైనప్ బుధవారం రాత్రే అయిపోవాలి, గురువారం ఇల్లంతా చుట్టాలుంటారు.

బై వీక్‌లు అయిపోయిన రోజు బెంచ్ మొత్తం మళ్ళీ చూడండి. బై కోసం పెట్టుకున్న మామూలు రిసీవర్లతో ఇక పని లేదు. పదిహేను, పదహారు, పదిహేడు వారాల్లో మీ లైనప్‌లోకి నిజంగా రాగలిగినవాళ్ళు, వాళ్ళ తర్వాత కర్చీఫ్‌లు, అంతే ఉండాలి. పద్దెనిమిదో వారంలో చాలా జట్లు పెద్దోళ్ళకి విశ్రాంతినిస్తాయి, అందుకే మంచి లీగ్‌లన్నీ పదిహేడుతోనే ముగిస్తాయి.

ఫైనల్ వారంలో కూడా వేవర్స్ చూడ్డం మానొద్దు. 2018 డిసెంబర్ నాటికి రన్నింగ్ బ్యాక్ సీజే ఆండర్సన్‌ని ఆ సీజన్‌లోనే రెండు జట్లు వదిలేశాయి. రామ్స్‌లో టాడ్ గర్లీ మోకాలు బాగాలేక, ఆ మంగళవారం అతన్ని తెచ్చుకున్నారు. ఆదివారం అరిజోనా మీద 167 యార్డ్‌లు, ఒక టచ్‌డౌన్. అప్పట్లో పదహారో వారమే చాలా లీగ్‌లకి ఫైనల్. తర్వాత ప్లేఆఫ్స్‌లో మా కౌబాయ్స్‌ని ఓడించిన రోజు కూడా అతను పరిగెత్తాడు, ఆ సంగతి ఇక్కడ ఎవరి ముందూ ఎత్తకండి.

నా స్క్రీన్ మీద ఆ ముగ్గురూ ఇంకా అలాగే ఉన్నారు. ఒకడు పోయిన వారం రెండు టచ్‌డౌన్‌లు చేశాడు, టార్గెట్స్ మూడు. ఇంకొకడి పైవాడు వచ్చే నెల తిరిగొస్తున్నాడు. మూడోవాడి పేరు ఇక్కడ రాయను, బావమరిది ఇలాంటివన్నీ చదువుతాడు. 17 డాలర్లు రాశాను.